బొటీక్‌లో వినిపించే ఫ్రెంచి మాటలను అర్థం చేసుకోవడం

జూబ్లీహిల్స్‌లో పెళ్లి జాకెట్టు కుట్టించుకోవడానికి వెళ్లేవారు మొదట గుర్తుంచుకోవలసింది, ‘బొటీక్’ అంటే ఫ్రెంచిలో చిన్న దుకాణం అని మాత్రమే. ఆ మాటను బట్టి పనితనాన్ని అంచనా వేయకూడదు.

జాగ్రత్త అవసరమైనది ‘ఓత్ కుత్యూర్’ దగ్గర. ‘ఓత్’ అంటే ఉన్నతమైనది, ‘కుత్యూర్’ అంటే కుట్టుపని. ఫ్రాన్సులో 1945 నుంచి చట్టరక్షణ ఉన్న ఈ పేరును, పారిస్‌లో ‘అతెలియే’, అంటే సొంత కుట్టుశాల నడుపుతూ, ఒక్కొక్కరి కొలతలకు విడిగా కుట్టి, అధికారిక గుర్తింపు పొందిన సంస్థలే వాడుకోవాలి. 2020 జనవరిలో పారిస్ ఓత్ కుత్యూర్ ఫ్యాషన్ వారోత్సవంలో తన దుస్తులను ప్రదర్శించిన తొలి భారతీయ డిజైనర్ రాహుల్ మిశ్రా. కాబట్టి మన ఊళ్లో ఎవరైనా ‘కుత్యూర్’ అంటే, కొలతలకే కుడతారా, చేతిపని ఎంత ఉంటుంది అని అడగాలి. ‘ప్రెతాపోర్తే’ అంటే రెడీమేడ్.

‘బ్రోద్రీ’ అంటే ఎంబ్రాయిడరీ. మన మగ్గం వర్కులో, చట్రానికి బిగించిన గుడ్డ మీద కొక్కెం ఉన్న ఆరీ సూదిని గుచ్చి, అడుగునున్న దారాన్ని పైకి లాగి గొలుసుకుట్టు వేస్తారు. ఫ్రాన్సులో లూనెవీల్ అనే ఊరి పేరుతో పిలిచే కొక్కెంతో చేసేదీ ఇదే కుట్టు. అయితే అక్కడ గుడ్డను తిరగేసి బిగించి, పూసలను అడుగువైపు కుడతారు. ఈ పోలికను మనవారు గర్వంగా చెప్పుకోవచ్చు.

‘ఆప్లికే’ అంటే ఒక గుడ్డ మీద మరో గుడ్డముక్కను కత్తిరించి కుట్టడం.