సకశేరుకాలు గుర్తుండాలంటే చేప ముల్లు చాలు

మా అబ్బాయి సైన్సు పరీక్షలో సకశేరుకాలు, అంటే వెన్నెముక ఉన్న జంతువులు ఏవో రాయమంటే ప్రతిసారీ రొయ్యని చేపల పక్కన, పాముని వెన్నెముక లేనివాటిలో రాసేవాడు. చార్టు కొన్నా లాభం లేదు.

ఇక్కడ చెన్నైలో ఆదివారం చేపలు ఎలాగూ తెస్తాం. మొన్న ఒక చిన్న శంకర చేపని ముక్కలు కొట్టించకుండా నిండుగా పులుసు పెట్టాను. తిన్నాక నడిముల్లు విరగకుండా తీసి, పది నిమిషాలు నీళ్ళలో మరిగించి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, డాబా మీద ఒకరోజు ఎండబెట్టాను (కాకుల కాపలా వాడిదే). పక్కన ఒక రొయ్య పొట్టు, పీత డిప్ప పెట్టాం. ముల్లులోని వెన్నుపూసలు వాడే లెక్కపెట్టాడు. తర్వాత తన వీపు తడుముకున్నాడు. లోపల పూసల వరస ఉంటే సకశేరుకం. బయట పెంకు మాత్రమే ఉంటే కాదు. చాలా పాములకు ఈ పూసలు 200 పైనే అంటే నోరు తెరిచాడు.

సొర చేపతో మాత్రం ఇది చేయకండి. దాని వెన్ను ఎముక కాదు, మృదులాస్థి (మన చెవి డొప్పలో ఉండేలాంటి, వంగే పదార్థం). అదీ సకశేరుకమే కానీ, గట్టి ముల్లు కనబడక పిల్లలు మళ్ళీ తికమకపడతారు.