పెట్-సీటీ రిపోర్టును రోగి ఎలా అర్థం చేసుకోవాలి

క్యాన్సర్ జాడ కోసం తీసే పెట్-సీటీ స్కాన్ రిపోర్టు చేతికి రాగానే చాలామంది అందులో ‘ఎస్‌యూవీ’ అన్న మాట పక్కనున్న అంకెను చూసి, విజయవాడ సూర్యారావుపేటలో డాక్టరు గది ముందు కూర్చున్నంతసేపూ దానినే తలచుకుని కుంగిపోతుంటారు. ఆ ఒక్క అంకె మీ జబ్బును తేల్చదు.

ఈ పరీక్షలో ఒకే బల్లపై రెండు చిత్రాలు తీస్తారు. సీటీ అవయవాల ఆకారాన్ని, గడ్డల కొలతను చూపితే, పెట్ శరీరంలో ఏ భాగం గ్లూకోజును ఎక్కువగా వాడుకుంటోందో చూపుతుంది. అందుకోసం నరంలోకి ఎక్కించే, గ్లూకోజును పోలిన మందు ఎఫ్‌డీజీలోని ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక పదార్థం సుమారు 110 నిమిషాలకొకసారి సగానికి తగ్గిపోతుంది కనుక, చెప్పిన వేళకు చేరుకోవడం తప్పనిసరి. సాధారణంగా ఆరు గంటలు ఏమీ తినకూడదు. తెనాలి, నరసరావుపేటల నుంచి తెల్లవారుజామున బయలుదేరేవారు బస్టాండులో కాఫీ, టీ కూడా తాగరాదు; మంచినీళ్లు తాగవచ్చు. షుగరు ఉన్నవారు మందుల విషయం సొంతంగా నిర్ణయించుకోక, ముందే సెంటరును అడగాలి. మిర్చి యార్డులో బస్తాలు మోసేవారు ముందురోజు పని మానుకోవాలి, ఎందుకంటే అలసిన కండరాలూ చిత్రంలో వెలుగుతాయి. ఇంజెక్షన్ తరువాత సుమారు గంటసేపు మాట్లాడకుండా పడుకోవాలి. ఆ రోజు కొన్ని గంటలపాటు గర్భిణులకు, పసిపిల్లలకు దూరంగా ఉండాలి.

ఇక రిపోర్టు విషయం. మెదడు, మూత్రపిండాలు, మూత్రాశయం వెలగడం సహజం. గుండె కూడా తరచుగా వెలుగుతుంది. క్షయ సోకిన గ్రంథులు, ఇన్ఫెక్షన్లు, మానుతున్న ఆపరేషన్ గాయాలు సైతం క్యాన్సర్‌లాగే వెలుగుతాయి. మన దగ్గర క్షయ తక్కువేమీ కాదు కనుక ఈ సంగతి ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. అలాగే కొన్ని మిల్లీమీటర్ల గడ్డలు, కొన్ని రకాల క్యాన్సర్లు వెలగకపోవచ్చు. ఎస్‌యూవీ అంటే మందు శరీరమంతా సమానంగా పరుచుకుని ఉంటే ఒక చోట ఉండవలసినదానికి, ఆ చోట నిజంగా చేరినది ఎన్ని రెట్లో చెప్పే అంకె. రక్తంలోని చక్కెర, బరువు, ఇంజెక్షన్‌కూ స్కాన్‌కూ మధ్య గడచిన సమయం మారితే అదీ మారుతుంది. కాబట్టి దానిని పక్కింటివారి రిపోర్టుతో కాక, మీ పాత స్కాన్‌తోనే పోల్చాలి. వీలైతే ప్రతిసారీ ఒకే సెంటరులో చేయించుకోవడం మేలు.

ముందుగా రిపోర్టు చివరనున్న ‘ఇంప్రెషన్’ (సారాంశం) భాగాన్ని చదవండి. పాత ఫిల్ములు, సీడీలు, బయాప్సీ (ముక్క పరీక్ష) కాగితాలు డాక్టరుకు చూపించి, వెలిగిన చోట సీటీలో గడ్డ కనిపిస్తోందా, పోయినసారికన్నా పెరిగిందా తగ్గిందా, బయాప్సీతో నిర్ధారించవలసిన అవసరం ఉందా అని అడగండి.