పరదేశపు బురదలో పేరు తెలియని పిట్టను గుర్తుపట్టడం ఎలా?

ఉప్పుమడి గట్టు మీద అయిదుగురు నిలబడి ఉంటారు. ఎదురుగా పాతిక గజాల దూరంలో, బురదలో ఒక పిట్ట. అయిదుగురి తలలూ ఫోన్లలో ఉంటాయి. ఒకాయన పేరు వెతికి పట్టుకుని తలెత్తేసరికి అక్కడ బురద తప్ప ఇంకేమీ ఉండదు. రాత్రి హోటల్‌కి చేరాక “ముక్కు చివర కాస్త వంగి ఉందా, లేదా?” అని గంటసేపు వాదన. అంత డబ్బు పోసి విమానమెక్కింది ఇందుకా?

పక్షుల కోసం బయటి దేశం వెళ్లేవాళ్ల తప్పులు చాలావరకు ఒక్కచోటే జరుగుతాయి. పిట్టను చూడకముందే దాని పేరు కావాలంటారు. నేనూ అలాగే చెడిపోయి బాగుపడ్డవాణ్ణే కాబట్టి, ఎలా చేయాలో వరసగా చెబుతాను. ఉదాహరణలన్నీ థాయిలాండ్ గల్ఫ్ ఒడ్డున ఉన్న ఉప్పుమడులవి. ఫెచ్చబురి ప్రావిన్స్‌లోని పాక్ థలే, సముత్ సాఖోన్‌లోని ఖోక్ ఖామ్. చలికాలపు నీటిపిట్టలు నేర్చుకోవడానికి వీటిని మించిన బడి లేదని నా నమ్మకం. పాక్ థలేకు బ్యాంకాక్ నుంచి కారులో దాదాపు రెండు గంటలు. నవంబర్ నుంచి మార్చి లోపు వెళ్లాలి.

1. సామాను

ఎనిమిది రెట్లు దగ్గరగా చూపే 8×42 బైనాక్యులర్స్. 10× వద్దు. పిట్టతో పాటు మీ చేతి వణుకు కూడా పదింతలవుతుంది. స్కోప్ (దూరపు పిట్టలను ఒక కంటితో చూసే దుర్భిణి), దానికి గట్టి ట్రైపాడ్. స్కోప్ లేకపోతే అది ఉన్న స్థానిక గైడ్‌ను మాట్లాడుకోండి, అంతేగాని ఉత్త చేతులతో బురద మైదానానికి వెళ్లకండి. జేబులో పట్టే నోట్‌బుక్, పెన్సిల్. పెన్ను వద్దు, చెమటకు సిరా అలుక్కుపోతుంది. టోపీ, నీళ్లు. బైనాక్యులర్స్, పవర్ బ్యాంక్ క్యాబిన్ బ్యాగులో పెట్టుకోండి. ఆకుల బొమ్మల మిలిటరీ బట్టలు కొనకండి. తెల్లటి ఉప్పుమడి మధ్యలో మీరు నడిచే పొదలాగా కనిపిస్తారు తప్ప లాభం లేదు.

2. ఎనిమిది పిట్టలు నేర్చుకోండి

ఫీల్డ్ గైడ్, అంటే పిట్టల బొమ్మల పుస్తకం, మొత్తం బట్టీ పట్టనక్కర్లేదు. ఆ ఊళ్లో, ఆ నెలలో మామూలుగా ఉండే ఎనిమిదింటిని నేర్చుకుంటే చాలు. పిట్టలు చూసేవాళ్లు తాము చూసినవి నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఏ ప్రాంతానికైనా నెలవారీ జాబితా దొరుకుతుంది. పాక్ థలేకైతే నా ఎనిమిది ఇవి: రెడ్-నెక్డ్ స్టింట్, కర్లూ శాండ్‌పైపర్, మార్ష్ శాండ్‌పైపర్, కామన్ గ్రీన్‌షాంక్, స్పాటెడ్ రెడ్‌షాంక్, బ్లాక్-టెయిల్డ్ గాడ్‌విట్, కెంటిష్ ప్లోవర్, బ్లాక్-వింగ్డ్ స్టిల్ట్. వీటిని ఎటు తిరిగి నిలబడ్డా గుర్తుపట్టగలిగితే, తొమ్మిదోది దానంతట అదే వేరుగా కనిపిస్తుంది.

ఒక షరతు. చలికాలపు ఈకలతో ఉన్న బొమ్మలే చూడండి. రెడ్-నెక్డ్ స్టింట్ పేరులో ఎర్రమెడ ఉంది గానీ, ఆ ఎరుపు సైబీరియాలో గూడు కట్టే కాలానిది. జనవరిలో పాక్ థలేలో ఎర్రమెడ కోసం వెతికితే సాయంత్రం దాకా వెతుకుతూనే ఉంటారు. పైన బూడిదరంగు, కింద తెలుపు, అంతే.

పుస్తకం పాతదైతే పేర్లు కూడా మారి ఉంటాయి. లెస్సర్ శాండ్ ప్లోవర్ అని మనం చదువుకున్నదాన్ని ఈమధ్యే సైబీరియన్, టిబెటన్ అని రెండు జాతులుగా విడగొట్టారు.

3. పోటు చూసుకుని వెళ్లండి

పక్షులంటే తెల్లవారుజామునే అనే అలవాటు అడవికి సరిపోతుంది. తీరంలో గడియారం సముద్రానిది. పాటు సమయంలో పిట్టలన్నీ దూరంగా బురద మైదానంలో మేస్తుంటాయి, స్కోప్‌లో కూడా చుక్కల్లాగే ఉంటాయి. పోటు వచ్చి బురద మునిగాక అవి ఉప్పుమడుల్లోకి వచ్చి వాలతాయి. కాబట్టి ముందురోజే పోటు పట్టిక చూసి, నీళ్లు నిండే సమయానికి గంట ముందు గట్టు మీద ఉండండి. పోటు ఉదయం పడితే మీ అదృష్టం. మిట్టమధ్యాహ్నం పడితే వేడికి గాలి మరిగి, స్కోప్‌లో పిట్ట నీళ్లలో నీడలా అల్లాడుతుంది. అప్పుడు జూమ్ పెంచకండి, తగ్గించండి.

4. నిలబడే చోటు

సూర్యుడు మీ వీపు వెనక. దీనికి మినహాయింపు లేదు. ఎదురెండలో చూస్తే అన్ని పిట్టలూ నల్లగానే ఉంటాయి. గట్టు మీద నడుస్తున్నప్పుడు పిట్టలు మేత ఆపి తలలెత్తాయంటే మీరు ఎక్కువ దగ్గరికి వచ్చేశారని అర్థం. అక్కడే ఆగండి. ఆ మడులు ఉప్పు పండించేవాళ్ల పనిచోటు. అడగకుండా గట్లు తొక్కకండి, ఉప్పు కుప్పల మధ్య ట్రైపాడ్ పాతకండి.

5. పేరు వెతక్కుండా అయిదు నిమిషాలు చూడండి

అసలు పని ఇది. అందరూ పాడుచేసేదీ ఇక్కడే. కొత్త పిట్ట కనబడగానే ఫోన్ తీయకండి, పుస్తకం తీయకండి, కెమెరా కూడా తీయకండి. అయిదు నిమిషాలు చూస్తూ, చూసింది పెన్సిల్‌తో రాయండి. ముందే పేరు మనసులో పడిందా, ఇక కన్ను ఆ పేరుకు సరిపోయేవే ఏరుకుంటుంది, మిగతావి వదిలేస్తుంది.

కెమెరావాళ్లు ఇక్కడ నాతో గొడవపడతారు. “ఫొటో ఉంటే ఇంటికెళ్లి తీరిగ్గా చూసుకోవచ్చు కదా” అంటారు. చూసుకోండి. కానీ పిట్ట ఎలా నడిచింది, ఎలా మేసింది అన్నది ఒక్క ఫొటోలో ఉండదు. చిన్న నీటిపిట్టల్లో సగం గుర్తింపు నడకలోనే ఉంది.

రాయాల్సిన వరస ఇది. ఈ వరస మార్చకండి.

మొదట అది చేసే పని. నాలుగడుగులు పరుగెత్తి, టక్కున ఆగి, వంగి ఒక్క పోటు పొడిచిందా? ప్లోవర్. తల దించుకుని కుట్టుమిషన్ సూదిలా గబగబా పొడుస్తూ పోతోందా? స్టింట్. పొట్టదాకా నీళ్లలో దిగి ముక్కంతా బురదలో ముంచిందా? గాడ్‌విట్ లాంటిది. నీటి పైపైన సుతారంగా ఏరుకుంటోందా? మార్ష్ శాండ్‌పైపర్ కావచ్చు. ఇంత రాసేసరికి సగం పుస్తకం పక్కకు పోతుంది.

తర్వాత సైజు. దీన్ని సెంటీమీటర్లలో రాయకండి, పక్కన ఉన్న తెలిసిన పిట్టతో పోల్చి రాయండి. “కర్లూ శాండ్‌పైపర్ కన్నా చిన్నది, కెంటిష్ ప్లోవర్ అంత” అన్నట్టు. రెండూ ఒకే దూరంలో ఉన్నప్పుడే ఈ పోలిక చెల్లుతుంది. స్కోప్ దూరాలను నొక్కి దగ్గర చేసేస్తుంది. వెనక నిలబడ్డ పిట్ట ముందున్నదానికన్నా పెద్దదిగా కనిపిస్తుంది, నిజానికి రెండూ ఒకటే అయినా. రెండూ పక్కపక్కకు వచ్చేదాకా ఆగండి.

మూడోది ముక్కు. పొడవును తలతో కొలవండి. గ్రేటర్ శాండ్ ప్లోవర్‌ను టిబెటన్ శాండ్ ప్లోవర్ నుంచి విడదీసేది ఈ కొలతే. ముక్కు పొడవు, ముక్కు మొదలు నుంచి కంటి వెనక అంచు దాకా ఉన్న దూరం కన్నా ఎక్కువుంటే గ్రేటర్. వంపు ఉంటే ముక్కు పొడవునా ఉందా, చివర మాత్రమే ఉందా? మొదట్లో వేరే రంగు ఉందా? మామూలు గ్రీన్‌షాంక్‌ల మధ్య నార్డ్‌మన్స్ గ్రీన్‌షాంక్ దాక్కుని ఉంటే, లావుపాటి ముక్కు మొదట్లోని పసుపు, పొట్టి పసుపు కాళ్లు దాన్ని పట్టిస్తాయి. ప్రపంచంలోనే అరుదైన పిట్టల్లో అదొకటి. తొందరపడే వాళ్ల ముందు నుంచే నడిచి పోతుంది.

నాలుగోది కాళ్ల రంగు, జాగ్రత్తగా. బురద ఎండితే ఏ కాలైనా బూడిదరంగే. నల్ల కాళ్ల రెడ్-నెక్డ్ స్టింట్‌నూ, పసుపుపచ్చ కాళ్ల లాంగ్-టోడ్ స్టింట్‌నూ విడదీయాలంటే, అది నీళ్లలో కాళ్లు కడుక్కుని బయటికొచ్చేదాకా చూడాలి.

ఈకల రంగు చివర. అందరూ మొదట రాసేది ఇదే, అందుకే అందరూ పొరబడతారు. ఎండను బట్టి, వయసును బట్టి, ఈకలు రాల్చే నెలను బట్టి రంగు మారుతుంది. నడక మారదు, ముక్కు మారదు.

ఇప్పుడు నా తలవంపు సంగతి. పాక్ థలేకు అందరూ వెళ్లేది స్పూన్-బిల్డ్ శాండ్‌పైపర్ కోసం. ఈశాన్య రష్యాలోని చుకోట్కా, కమ్చట్కా తీరాల్లో గూడు కట్టి, చలికాలానికి ఇంత దూరం వస్తుంది. పిచ్చుకంత పిట్ట. ముక్కు చివర చిన్న గరిట. అంతరించే ప్రమాదంలో చిట్టచివరి మెట్టు మీద ఉంది. మొదటిసారి వెళ్లినప్పుడు, స్టింట్‌ల గుంపులో ముక్కు చివర ఉబ్బుగా ఉన్న ఒకదాన్ని చూసి గట్టిగా అరిచాను. నలుగురు పరుగెత్తుకొచ్చారు. చేతులు కలిపారు, ఫొటోలు తీశారు. మూడు నిమిషాల తర్వాత ఆ పిట్ట నీళ్లలో ముక్కు కడుక్కుంది. గరిట కరిగిపోయింది. బురద ముద్ద! ఆ నలుగురి ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి.

అందుకే ఈ పిట్ట విషయంలో మరీ మరీ చెబుతున్నాను. పక్క నుంచి చూస్తే గరిట కనిపించదు, మామూలు నల్ల ముక్కులాగే ఉంటుంది. అది మీ వైపు ముఖం తిప్పినప్పుడే తేలుతుంది. ఆ లోపు మేతను చూడండి. స్టింట్ టకటకా పొడిచి ముక్కు తీసేస్తుంది. స్పూన్-బిల్డ్ ముక్కును పలచటి నీళ్లలో ఉంచి, తల అటూ ఇటూ ఆడిస్తూ ముందుకు సాగుతుంది. తల కూడా కాస్త పెద్దది, ముఖం ఎక్కువ తెల్లన. వీటిలో రెండు రాసుకున్నాక, ముఖం తిప్పేదాకా ఆగండి. అప్పటిదాకా నోరు మెదపకండి. పక్కవాళ్లు “ఏంటి, ఏంటి?” అంటే “ఏం లేదు” అనండి. అబద్ధం కాదు, అప్పటికి నిజంగానే ఏం లేదు.

6. ఇప్పుడు పుస్తకం తెరవండి

మీ నోట్సును బొమ్మలతో పోల్చండి. బొమ్మకు తగ్గట్టు నోట్సును దిద్దడం మాత్రం దొంగలెక్క. ఫొటో చూసి పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్‌కు ఆ ప్రాంతపు ప్యాక్ ముందే డౌన్‌లోడ్ చేసుకుని ఫొటో చూపించండి, తప్పులేదు. కాకపోతే దూరంనుంచి తీసిన బూడిదరంగు పిట్ట ఫొటోకు అది చెప్పే పేరు ఒక సలహా మాత్రమే. దాన్ని తీర్పుగా తీసుకున్నవాళ్ల జాబితాలు చూశాను. వాటిలో ఆ ఖండంలోనే లేని పిట్టలు ఉంటాయి.

7. తేలకపోతే

వదిలేయండి. థాయిలాండ్‌లో జనవరిలో కనిపించే గుడ్డికొంగల్లో చైనీస్ పాండ్ హెరాన్, జావన్ పాండ్ హెరాన్ అన్న రెండు ఉంటాయి. గూడు కట్టే కాలపు రంగులు వస్తే చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. చలికాలపు చారల ఈకల్లో మాత్రం ఎంత అనుభవం ఉన్నవాళ్లూ నమ్మకంగా విడదీయలేరు. అలాంటప్పుడు “రెండింటిలో ఏదో ఒకటి” అని రాయడానికి ఈబర్డ్‌లోనే ఓ గడి ఉంది. సిగ్గుపడకుండా వాడండి. ఏప్రిల్‌లో మళ్లీ వెళ్లగలిగితే గూటికాలపు రంగులు వస్తుంటాయి, అప్పుడు చూసుకోవచ్చు.

8. తేలితే

టైమ్, మడి, ఎన్ని ఉన్నాయి అన్నది అక్కడే రాయండి. కాలికి రంగు జెండా ఉందేమో చూడండి. వలసపిట్టలకు పరిశోధకులు కట్టే చిన్న ప్లాస్టిక్ పట్టీ అది. ఉంటే దాని రంగు, పైనున్న అక్షరాలు, మోకాలికి పైనా కిందా, ఏ కాలికి అన్నవి రాయండి. కుడి ఎడమలు మీవి కాదు, పిట్టవి. అది మీ వైపు తిరిగి ఉంటే తారుమారవుతాయి. నేను నోట్‌బుక్‌లో పిట్ట వెనకభాగం గీసి, దాని కాలి మీద జెండా బొమ్మ పెడతాను.