పాతకాలపు తీరులో విద్యుత్ లాంచీ: కొనేముందు చూసుకోవలసినవి

పాతకాలపు విద్యుత్ లాంచీ పొడవుగా, సన్నగా, నీటికి దగ్గరగా ఉండటం కేవలం అందం కోసం కాదు. 1893 నాటి చికాగో ప్రపంచ ప్రదర్శనలో సందర్శకులను తిప్పిన బ్యాటరీ లాంచీలకు కూడా అదే ఆకారం ఉండేది. ఉన్న కొద్దిపాటి శక్తితో నీటిని ఎక్కువగా రేపకుండా సాగిపోవాలంటే అడుగుభాగం అలా ఉండక తప్పదు. అందువల్ల కొనబోయే లాంచీని వేగంతో కొలవకూడదు. నీటిగీత దగ్గర 25 అడుగుల పొడవున్న ఇలాంటి పడవకు గరిష్ఠ వేగం సుమారు 6.7 నాట్లు (గంటకు దాదాపు 12 కిలోమీటర్లు), అక్కడికి చేరువయ్యేకొద్దీ విద్యుత్తు విపరీతంగా ఖర్చవుతుంది. వేగాన్ని ఐదో వంతు తగ్గిస్తే మోటారు లాగే శక్తి దాదాపు సగానికి దిగుతుంది.

ముందుగా మీరు తిరగబోయే జలమార్గాన్ని కొలవండి. నీటి లోతు, వంతెనల ఎత్తు, లాకుల వెడల్పు, ఛార్జింగ్ దొరికే రేవుల మధ్య దూరం తెలియనిదే ఏ లాంచీ సరిపోతుందో చెప్పలేము.

అసలు బేరమంతా బ్యాటరీల దగ్గరే ఉంటుంది. 48 వోల్టుల, 400 ఆంపియర్-అవర్ల బ్యాటరీల్లో 19.2 యూనిట్లు పడతాయి. అవి సీసపు బ్యాటరీలైతే, ఎక్కువ కాలం మన్నాలంటే అందులో సగమే వాడుకోవాలి. మోటారు గంటకు యూనిటున్నర తీసుకుంటే లెక్క ప్రకారం ఆరు గంటలు వస్తాయి గానీ, ఎదురుగాలికీ ప్రవాహానికీ మూడో వంతు పక్కన పెట్టి, నాలుగు గంటలనే నమ్మడం మంచిది. లిథియం బ్యాటరీలు తేలిక, వాటిలో నిల్వను చాలావరకు వాడుకోవచ్చు. అయితే సీసం బరువును దృష్టిలో పెట్టుకుని కట్టిన పాత లాంచీలో వాటిని అమర్చితే పడవ నీటిపై పైకి తేలి, ఊగిసలాట ఎక్కువవుతుంది. తగ్గిన బరువుకు బదులు అడుగున ఏం వేశారో తప్పక అడగండి.

మెరిసే వార్నిష్‌ను చూసి మనసు పారేసుకోవడం సహజమే, కానీ దాన్ని చివరకు వదిలేయండి. పడవను గట్టుకెక్కించమని కోరి, స్క్రూడ్రైవర్ పిడితో చెక్కను జానెడేసి దూరంలో తట్టుకుంటూ వెళ్లండి. మంచి చెక్క ఖంగుమంటుంది, పుచ్చిన చోట చప్పుడు మొద్దుబారుతుంది. వాననీరు దిగే డెక్ అంచుల దగ్గర, వెనుక చెక్క మూలల్లో మరింత ఓపికగా వినండి. ఫైబర్ అడుగైతే పొక్కులు వెతకండి. తుప్పును తనపైకి తీసుకునే లోహపు దిమ్మెలు మంచినీటిలో మెగ్నీషియంవై ఉండాలి. ఉప్పునీటికి వాడే జింకు ఇక్కడ సరిగా పనిచేయదు.

తరువాత నీటిలో కనీసం రెండు గంటలు నడిపించి చూడండి. మామూలు వేగంలో మీటరు ఎన్ని ఆంపియర్లు చూపుతోందో అరగంటకోసారి రాసుకోండి, లోడు మీద వోల్టేజి ఎంత త్వరగా జారుతోందో గమనించండి. తిరిగి వచ్చాక మోటారు కేబుళ్ల బిగింపులను పరిశీలించండి: ప్లాస్టిక్ తొడుగు రంగు మారి ఉంటే అక్కడ బిగింపు వదులై వేడెక్కుతోందని అర్థం. నిశ్శబ్దంగా సాగవలసిన పడవలో సన్నటి గరగర వినిపిస్తే షాఫ్టు బేరింగును అనుమానించాలి.

బయానా ఇచ్చేటప్పుడు, పడవలను పరీక్షించే స్వతంత్ర సర్వేయరు నివేదిక సంతృప్తికరంగా లేకపోతే ఆ సొమ్ము తిరిగి ఇవ్వాలన్న షరతును కాగితం మీద రాయించుకోండి. బ్యాటరీలు కొన్న తేదీ చూపే రసీదు లేకపోతే, వాటికి విలువ కట్టకుండానే బేరం మొదలుపెట్టండి.