'యూథిఫ్రో'ను చదవడం ఎలా?

ప్రాచీన గ్రీకు తత్వశాస్త్రంలో దైవభక్తికీ నీతికీ ఉన్న సంబంధాన్ని తెలుసుకోవాలనుకునేవారు ప్లేటో రాసిన 'యూథిఫ్రో' సంవాదంతో మొదలుపెట్టడం మంచిది. అది చిన్నదే, కానీ అందులోని ప్రసిద్ధమైన ప్రశ్నను మాత్రమే ఏరుకుని తక్కినది వదిలేస్తే అసలు విషయం సగం చేజారిపోతుంది.

ఇది సోక్రటీసుకూ యూథిఫ్రో అనే అతనికీ మధ్య నడిచిన సంభాషణ; ముందుగా ఇద్దరి వ్యాజ్యాల వివరాలను కాగితం మీద రాసుకోండి. కాలం క్రీ.పూ. 399, స్థలం ఏథెన్సులో మతసంబంధమైన అభియోగాలను స్వీకరించే 'రాజ ఆర్కన్' అనే అధికారి మండపం. సోక్రటీసు మీద మెలెటస్ అనే వ్యక్తి దైవద్రోహ నేరం మోపాడు. యూథిఫ్రో అయితే కన్నతండ్రి మీదే హత్యానేరం మోపడానికి వచ్చాడు. నాక్సోస్ దీవిలో వాళ్ల పొలంలో పనిచేసే కూలివాడు తాగిన మైకంలో ఇంటి బానిసను చంపితే, తండ్రి అతని కాళ్లూ చేతులూ కట్టించి గుంటలో పడేయించి, ఏం చేయాలో కనుక్కొని రమ్మని ధర్మాధికారి దగ్గరికి మనిషిని పంపాడు. ఆ మనిషి తిరిగి వచ్చేలోపే కూలివాడు ఆకలికి, చలికి చనిపోయాడు. తండ్రి మీద దావా వేయడం అధర్మమని బంధువులు, వేయడమే ధర్మమని యూథిఫ్రో అంటారు. చదివినంతసేపూ ఈ చావును గుర్తుంచుకోండి.

భక్తి అంటే ఏమిటో చెప్పమని సోక్రటీసు అడిగితే యూథిఫ్రో ఒకదాని తరువాత ఒకటిగా నిర్వచనాలు ఇస్తాడు. ప్రతి నిర్వచనం పక్కన అది ఎందుకు నిలవలేదో ఒక్క వాక్యంలో రాయండి. 'నేనిప్పుడు చేస్తున్నదే భక్తి' అన్నది ఉదాహరణే తప్ప నిర్వచనం కాదు. 'దేవతలకు ఇష్టమైనది' అంటే, వాళ్లలో వాళ్లే తగవులాడుకుంటారని యూథిఫ్రోయే ఒప్పుకుంటాడు. 'దేవతలందరికీ ఇష్టమైనది' అన్న మూడో మాట దగ్గర నిదానించాలి.

ప్లేటో ముద్రణల్లో పుట అంచున వేసే ప్రామాణిక సంఖ్యల్లో 10a ఉన్నచోట ఆ ప్రసిద్ధమైన ప్రశ్న వస్తుంది: భక్తి అయినందుకు దాన్ని దేవతలు ఇష్టపడతారా, వాళ్లు ఇష్టపడినందుకు అది భక్తి అవుతుందా? వెంటనే పక్షం ఎంచుకోకుండా, సోక్రటీసు వాదాన్ని రెండు వరుసలుగా విడదీయండి. ఎవరో మోస్తేనే ఒక వస్తువు మోయబడుతుంది. అలాగే దేవతలు ఇష్టపడితేనే ఏదైనా వాళ్లకు ఇష్టమైనదవుతుంది. భక్తిని మాత్రం అది భక్తి అయినందుకే ఇష్టపడతారని యూథిఫ్రో ముందే ఒప్పుకున్నాడు. రెండింటికీ కారణాలు వేరైనప్పుడు రెండూ ఒకటి కాలేవు. ఇక్కడ సోక్రటీసు దేవతలను కాదనడం లేదు. వాళ్ల ఇష్టం భక్తికి కలిగిన ఒక స్థితే గాని దాని స్వరూపం కాదంటున్నాడు, అంతే.

భక్తిని ఇచ్చిపుచ్చుకునే బేరంగా చూపే చివరి భాగాన్ని త్వరగా దాటవచ్చు. దానికి ముందున్న 'మనల్ని సేవకులుగా పెట్టుకుని దేవతలు సాధించే ఆ గొప్ప పని ఏమిటి?' అన్న ప్రశ్నను మాత్రం దాటవద్దు. సరైన జవాబు అంచుదాకా వచ్చి యూథిఫ్రో పక్కకు తిరిగాడని సోక్రటీసు అక్కడే వాపోతాడు. ఆ పుట తెరిచి ఉంచుకుని, ఏథెన్సు పౌరులను ప్రశ్నిస్తూ తిరగడమే తాను దేవుడికి చేస్తున్న సేవ అని సోక్రటీసు న్యాయస్థానంలో చెప్పిన భాగాన్ని ప్లేటో 'అపాలజీ'లో చదవండి.