నాలుగు సిస్టములలో ఒకే విఎఫ్ఎక్స్ ప్రాజెక్టు: సర్వర్ మీద పని పంచుకునే విధానం

ఒక సిస్టమ్‌లో చక్కగా తెరుచుకున్న ఆఫ్టర్ ఎఫెక్ట్స్ (విజువల్ ఎఫెక్ట్స్‌కు, అంటే విఎఫ్ఎక్స్‌కు, వాడే సాఫ్ట్‌వేర్) ప్రాజెక్టును పక్క సిస్టమ్‌లో తెరవగానే ప్లేట్లు (కెమెరాతో తీసిన అసలు ఫుటేజ్) ఉండవలసిన చోట రంగురంగుల పట్టీలు కనిపించడం ఈ పనిలో ఉన్నవారందరికీ అనుభవమే. ఫుటేజ్ ఎక్కడికీ పోలేదు. దానికి దారి మాత్రం ఆ సిస్టమ్‌కు తెలియలేదు. ప్రాజెక్టు ఫైల్‌లో బొమ్మలు ఉండవు, బొమ్మలు ఏ డ్రైవ్‌లో ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో చెప్పే చిరునామాలు మాత్రమే ఉంటాయి. అందువల్ల నాలుగైదు సిస్టములున్న యూనిట్‌లో పని పంచుకోవాలంటే, మొదటి ప్లేట్ కాపీ కావడానికి ముందే అన్ని సిస్టములలోనూ ఆ చిరునామా ఒకటే అయ్యేలా చూడాలి.

విండోస్ సిస్టములైతే సర్వర్‌లోని షేర్ ఫోల్డర్‌ను అన్నింటిలోనూ ఒకే అక్షరంతో మ్యాప్ చేయాలి, అంటే ఒకే అక్షరం గల డ్రైవ్‌లా కనిపించేలా పెట్టాలి. పెన్ డ్రైవ్‌లు, కెమెరా కార్డులు పెట్టినప్పుడు విండోస్ డి, ఇ, ఎఫ్ అక్షరాలను వాటికి ఇచ్చేస్తుంది కనుక, చివరి అక్షరాలలో ఒకటి, ఉదాహరణకు వి, ఎంచుకోవడం క్షేమం. మ్యాప్ చేసిన డ్రైవ్ ఆ లాగిన్‌కు మాత్రమే చెందుతుందన్న సంగతిని చాలామంది గమనించరు. అదే సిస్టమ్‌లో వేరే యూజర్ పేరుతో నడిచే రెండర్ సర్వీస్‌కు (పూర్తయిన ఫ్రేములను తయారుచేసే ప్రోగ్రాముకు) గానీ, ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ అని తెరిచిన సాఫ్ట్‌వేర్‌కు గానీ మామూలుగా ఆ డ్రైవ్ కనిపించదు. ఆర్టిస్టు తెరిస్తే ఉన్న ఫుటేజ్ రెండర్‌లో మాయమైందంటే ముందుగా అనుమానించవలసింది దీన్నే.

మధ్యలో ఒక మాక్ ఉంటే డ్రైవ్ అక్షరం అనేదే ఉండదు కనుక ఇంకొంత శ్రమ తప్పదు. ఎడిటింగ్‌కు, రంగుల పనికి వాడే డావిన్చి రిజాల్వ్‌లో మీడియా స్టోరేజ్ సెట్టింగులలో ‘మ్యాప్డ్ మౌంట్’ అనే గడి ఉంది. విండోస్ దారి ఏ మాక్ దారికి సమానమో అక్కడ చెప్పవచ్చు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌కు, ప్రాజెక్టు ఫైల్ ఉన్న ఫోల్డర్ కిందే ఫుటేజ్ ఫోల్డర్ కూడా ఉంటే, వెతుక్కోవడం తేలికవుతుంది. కంప్‌కు, అంటే ప్లేట్లను పొరలుగా కలిపే పనికి, వాడే న్యూక్‌లో స్క్రిప్ట్ (ప్రాజెక్టు ఫైల్) మామూలు టెక్స్ట్ ఫైలే కావడం ఒక వరం: ఎవరో డెస్క్‌టాప్ మీది ప్లేటును లాగి కంప్ పూర్తి చేసి వెళ్లిపోతే, ముందుగా ఆ ప్లేటును సర్వర్‌లో దాని చోటికి కాపీ చేసి, స్క్రిప్టును నోట్‌ప్యాడ్‌లో తెరిచి, సి డ్రైవ్‌తో మొదలయ్యే దారిని ఒక్క ఫైండ్ అండ్ రీప్లేస్‌తో వి డ్రైవ్ దారిగా మార్చివేయవచ్చు.

పేర్ల విషయంలో కఠినంగా ఉండాలి. తెలుగు మీద ఎంత ప్రేమ ఉన్నా ఫైల్ పేర్లలో ఆంగ్ల అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప మరేమీ వాడవద్దు. ఖాళీలు కూడా వద్దు. ఫోల్డర్ లోపల ఫోల్డర్ పెడుతూ పోతే మొత్తం దారి 260 అక్షరాలు దాటినప్పుడు విండోస్‌లో చాలా సాఫ్ట్‌వేర్‌లు మొరాయిస్తాయి. షాట్లకు 0010, 0020, 0030 అని పదేసి చొప్పున నంబర్లు ఇస్తే, ఎడిటర్ మధ్యలో కొత్త షాట్ చేర్చినప్పుడు 0015 అని ఇవ్వడానికి చోటు ఉంటుంది. ఫ్రేముల లెక్కను 1001 నుంచి మొదలుపెట్టడం కూడా ఇలాంటి ముందుచూపే: ఎడిటర్ తర్వాత షాటుకు ముందువైపు 8 ఫ్రేములు అదనంగా అడిగినా సున్నా కిందికి పోకుండా 993 నుంచి ఇవ్వవచ్చు.

నెట్‌వర్క్ వేగాన్ని ఊహకు వదలకుండా లెక్క వేసి చూడాలి. 2048×1080 కొలత గల 10 బిట్ డిపిఎక్స్ (ఒక్కో ఫ్రేము ఒక్కో ఫైల్‌గా ఉండే ఫార్మాట్) ఫ్రేములో ఒక్కో పిక్సెల్‌కు 4 బైట్లు పడతాయి, అంటే ఫ్రేముకు దాదాపు 8.8 ఎంబి, సెకనుకు 24 ఫ్రేములైతే దాదాపు 212 ఎంబి. ఒక గిగాబిట్ కేబుల్ సెకనుకు ఇవ్వగలిగేది ఆచరణలో 110 ఎంబికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అంటే ఎంత ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు కొన్నా ఆ ప్లేటు ఆ తీగ మీద ఒక్క సిస్టమ్‌లో కూడా ఆగకుండా ఆడదు. 10 గిగాబిట్ స్విచ్ కొనాలి, దానికి తగ్గ వేగంతో చదవగల డిస్కులు సర్వర్‌లో ఉండాలి. లేదా ప్రాక్సీలతో (ప్లేట్ల చిన్న సైజు నకళ్లతో) పని చేసి చివరి రెండర్‌కు మాత్రమే అసలు ప్లేట్లు వాడాలి. క్యాష్ ఫోల్డర్లను (సాఫ్ట్‌వేర్ తాత్కాలికంగా ఫ్రేములు దాచుకునే ఫోల్డర్లను) మాత్రం ఎవరి సిస్టమ్‌లోని ఎస్ఎస్‌డిలో వారు పెట్టుకోవాలి. వాటిని సర్వర్ మీదికి తోస్తే ఉన్న వేగమూ పోతుంది.

అసలు చిక్కు ఇద్దరు ఒకే ఫైల్‌ను తెరవడంలో ఉంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ గానీ న్యూక్ గానీ సర్వర్ మీది మామూలు ప్రాజెక్టు ఫైల్‌కు తాళం వేయవు. చివర సేవ్ చేసినవారిదే మిగులుతుంది. నేను పనిచేసిన ఒక చోట ఒకతను మధ్యాహ్నమంతా కూర్చుని వైర్ రిమూవల్ (నటుడికి కట్టిన వైరును చెరిపే పని) పూర్తి చేసి ఆరు గంటలకు సేవ్ చేసి వెళ్లాడు. ఉదయం నుంచి అదే ఫైల్‌ను తెరిచి ఉంచుకున్న ఇంకొకరు రాత్రి రంగు సరిచేసి కంట్రోల్ ఎస్ నొక్కారు. మరునాడు హీరో నడుముకు వైరు మళ్లీ వచ్చింది. ఎవరి తప్పూ లేదు, నియమం లేదు, అంతే. ఆనాటి నుంచి నేను పాటించేది ఇది: ఒక్కో షాటుకు ఒక్కో ప్రాజెక్టు ఫైల్, ఎవరు తెరిచినా పని మొదలుపెట్టే ముందే వెర్షన్ నంబరు పెంచి, చివర తన పేరులోని పొడి అక్షరాలు చేర్చి సేవ్ చేయాలి, పాత వెర్షన్ మీద ఎవరూ సేవ్ చేయరాదు. ఇరవై షాట్లను ఒకే ప్రాజెక్టులో కుక్కే అలవాటు ఒంటరిగా పనిచేసేవారికి సుఖమే గానీ సర్వర్ మీద అది అందరి చేతులూ కట్టేస్తుంది.

ఎడిటింగ్ వైపు పరిస్థితి మెరుగు. రిజాల్వ్ ప్రాజెక్ట్ సర్వర్‌ను మారని ఐపి అడ్రస్ గల ఒక సిస్టమ్‌లో పెట్టి, కొలాబరేషన్ ఆన్ చేస్తే, ఒకరు వాడుతున్న బిన్ (క్లిప్పుల ఫోల్డర్) మరొకరికి తాళం వేసి కనిపిస్తుంది. ఆ ప్రాజెక్ట్ సర్వర్ డేటాబేస్‌లో ఉండేది ప్రాజెక్టు సమాచారమే గానీ మీడియా కాదు. అందరి దగ్గరా రిజాల్వ్ ఒకే వెర్షన్ ఉండాలి. ఒకరు ఉత్సాహపడి అప్‌డేట్ చేసి డేటాబేస్‌ను కొత్త వెర్షన్‌కు మారిస్తే మిగతావారి పాత వెర్షన్లలో అది తెరుచుకోదు. ప్లగిన్లకు, ఫాంట్లకు కూడా ఇదే వర్తిస్తుంది. రంగుల కోసం ఓసిఐఓ (వేర్వేరు సాఫ్ట్‌వేర్‌లలో రంగు ఒకేలా ఉంచే పద్ధతి) వాడుతుంటే ఆ కాన్ఫిగ్ ఫైల్‌ను సర్వర్ మీద ఒకచోట ఉంచి, అన్ని సిస్టములూ దాన్నే చదివేలా పెట్టాలి.

రెండర్లను నేరుగా ఎడిటర్ చూసే ఫోల్డర్‌లోకి పంపవద్దు. సగం రాసిన ఇఎక్స్ఆర్ ఫైళ్ల (ఫ్రేముకు ఒకటి) వరుసను ఎడిటర్ లాక్కుంటే షాట్ మధ్యలోనే తెగిపోతుంది. ముందు పని ఫోల్డర్‌లో రెండర్ చేసి, మొదటి ఫ్రేము నుంచి చివరి ఫ్రేము దాకా ఉన్నాయని చూసుకుని, అప్పుడు కొత్త వెర్షన్ నంబరు గల ఫోల్డర్‌గా పబ్లిష్‌లోకి, అంటే ఎడిటర్ చూసే ఫోల్డర్‌లోకి, చేర్చాలి. పాత ఫ్రేముల మీదే కొత్తవి రాస్తే క్యాష్‌లో ఉన్న పాత బొమ్మే కనిపిస్తూ, సరిచేసిన షాటును సరిచేయలేదని మళ్లీ వెనక్కి పంపుతారు.

ప్లేట్ల ఫోల్డర్‌లో రాసే అనుమతి డేటా దింపేవారికి ఒక్కరికే ఇచ్చి, మిగతావారికి చదివే అనుమతి మాత్రమే ఉంచాలి. రెయిడ్ (ఒక డిస్కు పోయినా డేటా నిలిచేలా పలు డిస్కులను కలిపే ఏర్పాటు) ఉంది కదా అని బ్యాకప్ మానవద్దు. డిస్కు పోతే రెయిడ్ కాపాడుతుంది గానీ, ఎవరైనా ఫోల్డర్ డిలీట్ చేస్తే ఆ డిలీట్ అన్ని డిస్కులలోనూ జరుగుతుంది. ఇవన్నీ కుదిరాక, ఒక్క షాటును తీసుకుని ప్రతి సిస్టమ్‌లోనూ తెరిచి, ఒక్కో ఫ్రేము రెండర్ చేసి, ఆ ఫ్రేములను రిజాల్వ్‌లో ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. ఎక్కడైనా రంగు తేడా వచ్చినా, పట్టీలు కనిపించినా, మిగతా ప్లేట్లు దింపడం ఆపి ముందు ఆ సిస్టమ్ సంగతి చూడండి.