ఇంటి బొమ్మల పుస్తకం పెట్టుకోవడం ఎలా?

ఇంట్లో జరిగే చిన్న చిన్న సంగతులను, పిల్లలతో కలిసి చదివిన కథలను, వాళ్ల బడి ముచ్చట్లను బొమ్మలతోనూ నాలుగు మాటలతోనూ ఒకే పుస్తకంలో దాచుకోవాలనుకునే వారి కోసం ఇది రాస్తున్నాను. దీనికి బొమ్మలు వేయడం వచ్చి ఉండనక్కరలేదు. బాగా వేసి తీరాలన్న పట్టుదలే ఇలాంటి పుస్తకాలను పదో పేజీ దాటనివ్వదని నా అనుభవం. ఫోటోలో దొరకని సంగతులకే ఇందులో చోటు అన్న ఒక్క నియమం పెట్టుకుంటే, ఏం వేయాలా అని ప్రతివారం తడుముకోవలసిన పని ఉండదు. పుట్టినరోజు కేకుకు ఎలాగూ పది ఫోటోలు ఉంటాయి. బడి నుంచి రాగానే గుమ్మంలో విప్పి పడేసిన మేజోళ్లకు ఒక్కటీ ఉండదు.

ముందుగా పుస్తకం సంగతి చూద్దాం. మామూలు రూళ్ల నోటుపుస్తకంలోని పలుచటి కాగితం నీటిరంగు తగలగానే ముడతలు పడుతుంది, మరక అవతలి పేజీకి దిగుతుంది. నీటిరంగుల కోసమే తయారుచేసే 300 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే కొలత) కాగితం శ్రేష్ఠమే కానీ, దాని ధర చూశాక పిల్లల చేతికివ్వడానికి మనసొప్పదు, పిల్లల చేతికివ్వని పుస్తకం ఈ పనికి పనికిరాదు. అందువల్ల 140, 150 జీఎస్ఎం ఉన్న డ్రాయింగు కాగితంతో, ఏ5 కొలతలో (ఏ4 కాగితంలో సగం), కుట్టు బైండింగు ఉన్న 96 పేజీల పుస్తకం ఎంచుకోవడం మంచిది. టికెట్లు, ఆకులు, కాగితం ముక్కలు అతికించేకొద్దీ పుస్తకం లావెక్కి అట్ట మూసుకోకుండా పోతుంది కనుక, మొదలుపెట్టకముందే ప్రతి నాలుగో ఆకును కుట్టు దగ్గర వేలెడు వెడల్పు అంచు మిగిల్చి కత్తిరించాలి. ఆ అంచులు వెన్ను దగ్గర ఎత్తునిచ్చి, అతికించిన వాటికి చోటు చేస్తాయి. తొందరపడి ఆకును మొదలంటా చింపితే, కుట్టుకు అవతల దానికి జతగా ఉన్న ఆకు కూడా ఊడి వస్తుంది. కత్తిరించినవి పోను 72 పేజీలు మిగులుతాయి. వారానికి ఒక పేజీ చొప్పున ఒక చదువు సంవత్సరానికి అవి సరిపోగా, పండగలకూ వేసవి సెలవులకూ కూడా మిగులుతాయి.

పెన్సిలు, బాల్‌పెన్ను, 12 బిళ్లల నీటిరంగుల డబ్బా, ఒక కుంచె ఉంటే చాలు. జెల్‌పెన్నుతో మాత్రం జాగ్రత్త అవసరం. మా అమ్మాయి కొత్త బడిసంచిని నేను జెల్‌పెన్నుతో శ్రద్ధగా గీసి, పైన నీలం పూయబోతే, గీతలన్నీ కరిగి సంచి కాస్తా వానమబ్బు అయింది. ఏ పెన్నునైనా ముందుగా పుస్తకం చివరి పేజీలో గీసి, ఆరనిచ్చి, తడి కుంచెతో రుద్ది చూసుకోవాలి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బడులు జూన్‌లో తెరుస్తారు కనుక, ఈ పుస్తకానికి కొత్త సంవత్సరం జనవరి కాదు, జూన్. మొదటి పేజీలో పిల్లల అరచేతిని ఆనించి చుట్టూ గీత గీసి, తేదీ వేయాలి. రెండో పేజీని పెన్సిలుకు వదిలిపెట్టండి. కొత్త పెన్సిలును కాగితం మీద పడుకోబెట్టి చుట్టూ గీసి, ప్రతి శనివారం అదే పెన్సిలును పక్కపక్కనే అలాగే గీస్తూ పోతే, అది చెక్కుడుకు అరుగుతూ బొటనవేలంత అయ్యే దాకా ఒక మెట్ల వరుస తయారవుతుంది. మా పుస్తకంలో నాలుగో వారం దగ్గర ఒక ఖాళీ ఉంది. దాని కింద మా అమ్మాయి మాటే రాసి ఉంది: "పోలేదు, ఇచ్చేశాను." ఎవరికిచ్చిందో చెప్పలేదు, నేనూ రాయలేదు.

పిల్లల మాటలను వాళ్లు అన్నది అన్నట్టే రాయాలి. వాళ్లు స్వయంగా రాసినప్పుడు వత్తు తప్పినా, అక్షరం తిరగబడినా ఈ పుస్తకంలో దిద్దకూడదు, దిద్దడానికి బడి పుస్తకాలున్నాయి. మార్కులను కూడా ఇక్కడికి రానివ్వవద్దని నా సలహా.

చదివిన కథల పేజీల్లో చాలామంది కథా సారాంశం రాస్తారు, అది వృథా శ్రమ. తేదీ, ఎవరు పైకి చదివారు, ఎక్కడ ఆపారు, ఆపినచోట పిల్లలు ఏమడిగారు అన్నవి రాస్తే చాలు. బొమ్మకు మాత్రం ఒక పద్ధతి ఉంది. 1947లో మొదలైన 'చందమామ' పాత సంచికలు ఇంట్లో ఉంటే, కథ చదివేటప్పుడు బొమ్మ మీద కాగితం కప్పి ఉంచండి. కథ అయ్యాక మీరూ పిల్లలూ విడివిడిగా ఆ ఘట్టాన్ని గీసి, ఆ తరువాతే కప్పిన కాగితం తీయండి. శవాన్ని భుజాన వేసుకుని, కత్తి చేతబట్టి నడిచే విక్రమార్కుణ్ణి చందమామ చిత్రకారుడు శంకర్ ఎలా వేశారో అప్పుడు పిల్లలు చూసే చూపే వేరుగా ఉంటుంది. మా అమ్మాయి తన బేతాళుడికి కళ్లద్దాలు పెట్టింది. ఎందుకని అడిగితే, "కథలు చెప్పేది తాతయ్యే కదా" అంది. ఆ మాట కూడా బొమ్మ పక్కనే ఉంది.

తాతయ్య వంటి పెద్దలు ఇంట్లో ఉంటే, వారు పుట్టి పెరిగిన ఇంటి నక్షాను వారు చెబుతుండగా పిల్లల చేత గీయించండి. నుయ్యి ఎక్కడ, పశువుల కొట్టం ఎటు, వడ్ల గాదె ఏ గదిలో అని అడుగుతూ గీస్తుంటే, "అటు కాదమ్మా, పెరటివైపు" అంటూ ఆయనే పెన్సిలు తీసుకుంటారు. ఆయన కొట్టేసిన గీతలను చెరిపివేయకండి. ఇంట్లో ఎవరైనా తమ గురించిన పేజీ వద్దంటే దాన్ని మడిచి అంచులు అతికించేయాలి తప్ప వాదించకూడదు.

అతికించడానికి మైదా జిగురు వాడితే పురుగు పడుతుంది, గమ్‌స్టిక్ మేలు. మిషను నుంచి వచ్చే బస్సు టికెట్టు మీది అచ్చు కొన్ని నెలల్లో వెలిసిపోతుంది కనుక, ఊళ్ల పేర్లూ తేదీ పక్కన పెన్నుతో రాసుకోవాలి. మా పుస్తకంలో అలాంటి తెల్ల కాగితాలు మూడున్నాయి, ఏ ప్రయాణాలవో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. వానాకాలంలో పేజీ పూర్తిగా ఆరకుండా పుస్తకం మూస్తే ఎదుటి పేజీ అంటుకుంటుంది, రాత్రంతా తెరిచి ఉంచడమే మార్గం.

ఏప్రిల్‌లో బడి మూసిన రోజున మొదటి పేజీకి వెళ్లి, జూన్‌లో గీసిన చేతి మీదే మళ్లీ చెయ్యి పెట్టించి, మణికట్టు దగ్గర గీతలు కలిసేలా సరిచూసి, వేరే రంగుతో చుట్టూ గీయాలి. రెండు గీతల మధ్య మిగిలిన సన్నటి చోటులో తేదీ పడుతుందేమో పిల్లల్నే రాసి చూడమనండి.